పదహారు డబ్బాలు

ఆరు మెట్లెక్కాలి కాబట్టి పామర్రులో దాన్ని మెట్ల హోటలంటారు. పొద్దున టిఫిన్లు, పదకొండు నుంచి కూరలు. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక వంటిల్లు, ఆ వెనక సత్యశ్రీ కాపురం.

నాలుగున్నరకి అమలమ్మ వస్తుంది. చెప్పులు మెట్ల కింద విడుస్తుంది. సంచి మేకుకి తగిలిస్తుంది. పొయ్యిలో బూడిద దులిపి, పెల్లెట్లు పోసి, గుప్పెడు కొబ్బరి పీచు అంటించి, ఫ్యాను స్విచ్ వేస్తుంది. సత్యశ్రీ మొహం కడుక్కుని వచ్చేసరికి ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరుగుతుంటాయి.

గ్యాసు బండలు సమయానికి అందక రెండేళ్ళ కిందట ఆ పొయ్యి కొన్నారు. వరి ఊకని మిషన్లో నొక్కి చిటికెన వేలంత చేసిన ముక్కలు దాని మేత. గుళికలంటే పొలంలో చల్లే మందనుకుంటారని అందరూ పెల్లెట్లనే అంటారు. సంజీవరావు అనే ఆయన నలభై కిలోల బస్తాలు ఆటోలో తెచ్చి వేస్తాడు. పొయ్యి రిపేరు కూడా ఆయనే చూస్తాడు. పైభాగం కోసేసిన రెండు లీటర్ల నూనె డబ్బా ఒకటుంది, దాంతోనే కొలత. రోజుకి ఎనిమిది డబ్బాలు. బస్తా నాలుగు రోజులు. రెండేళ్ళలో ఒక డబ్బా అటూ ఇటూ కాలేదు.

డిసెంబరు మొదట్లో బస్తా రెండు రోజులకే అయిపోయింది.

తడిసిన సరుకేమో అనుకుంది సత్యశ్రీ. రెండో బస్తా కూడా అంతే. పోసేది అమలమ్మే కాబట్టి ఆమెనే అడిగింది.

"పదహారు పోశానండి. తింటోంది," అంది అమలమ్మ.

"తింటోందంటే?"

"పోస్తే తింటోందండి. పొయ్యకపోతే మంట తగ్గిపోతోంది."

సంజీవరావు వచ్చి పొయ్యి బోర్లించాడు. ఫ్యాను విప్పి తుడిచాడు. చిల్లుల పళ్ళెం లైటుకి అడ్డం పెట్టి చూశాడు. మళ్ళీ బిగించాడు.

"లోపమేం లేదమ్మా. ఎవరిల్లో వెచ్చబెడుతోంది."

ఊక పెల్లెట్ల పొయ్యికి ఆ గుణం ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఎవరికీ అది వింత కాదు. గుడివాడలో ఒక మెస్సు పొయ్యి ఆ మెస్సాయన అత్తగారి గదిని చలికాలమంతా వెచ్చగా ఉంచిందని సంజీవరావే చెప్పాడు.

"అల్లుడికి ఆవిడంటే పడదు. పొయ్యికి పడింది. ఏం చేస్తాం? మీవాళ్ళెవరో చలిలో ఉండుంటారు, కనుక్కోండి."

సత్యశ్రీ ముందు కూతురికి ఫోన్ చేసింది. రుచిత విజయవాడలో ఇంజనీరింగ్, గుణదల దగ్గర హాస్టల్లో ఉంటుంది.

"నీ గది వెచ్చగా ఉంటోందా అమ్మా?"

"వెచ్చగానా? నా పక్క బెడ్డు మహాతల్లి డిసెంబర్లో కూడా ఫ్యాను ఫుల్లు పెడుతుంది. ఏం, మన పొయ్యి గానీ నాకు పంపిస్తోందా? పంపించమను."

భర్త కాశీరావు హనుమాన్ జంక్షన్లో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. "వెచ్చదనమా? ఆఫీసు గదిలో కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక రగ్గు పంపించు ముందు," అన్నాడు.

తల్లికి చేసింది. తల్లి ఉన్న చోట కూడా మామూలు చలే.

ఇంక అడగాల్సినవాళ్ళెవరూ లేరనిపించింది సత్యశ్రీకి.

"మనవాళ్ళెవరికీ పోకపోతే మరెక్కడికి పోతోంది వదినా?" అంది మాణిక్యం, పచ్చడికి మిరపకాయలు తుంచుతూ. మాణిక్యం సత్యశ్రీకి వరసకి ఆడపడుచు, పచ్చళ్ళూ పిండీ ఆమె పని. "వేడే పోతోందో, ఊకే పోతోందో. పోసే చేతికి తెలియాలి."

సత్యశ్రీ ఆ మాట మనసులోకి తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం, కూరలకి జనం నిలబడి ఉన్నారు. పార్శిళ్ళు కట్టే కుర్రాడు కోటి, కవర్లకి రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాడు. అమలమ్మ గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, మేకు మీది సంచి తీసుకుంది.

"అమలమ్మా, సంచి ఒకసారి చూపించు."

"ఎందుకండీ?"

"చూపించు."

అమలమ్మ సత్యశ్రీ మొహం వైపు చూసింది. సత్యశ్రీ సంచి వైపే చూసింది. అమలమ్మ సంచిని బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటే బయటికి తీసింది. మడత గొడుగు. టిఫిన్ బాక్సు. జపమాల. సగం అల్లిన పసుపుపచ్చ ఊలు టోపీ, అల్లే సూదులు ఇంకా దానికే ఉన్నాయి. టోపీ బత్తాయి పండంత ఉంది.

"బాక్సు మూత కూడా తీయించండి, అందులో కిలో పడుతుంది," అన్నాడు వరసలో ఎవరో, నవ్వుతూ.

సత్యశ్రీ వద్దనలేదు.

అమలమ్మ మూత తీసింది. కడిగిన బాక్సు. అడుగున రెండు నీటిబొట్లు. దాన్ని వరసలో ఉన్నవాళ్ళకి కూడా కనబడేట్టు వంచి, మళ్ళీ మూత పెట్టి, అన్నీ సంచిలో సర్దుకుంది. మెట్లు దిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"నాకు రెండు పప్పు, ఒక గోంగూర," అన్నాడు తర్వాతి మనిషి.

మర్నాడు అమలమ్మ రాలేదు. పొయ్యి సత్యశ్రీయే వెలిగించింది. ఎనిమిది డబ్బాలు పట్టాయి. ఆ మర్నాడు కూడా ఎనిమిదే.

"చూశావా?" అంది మాణిక్యం.

సత్యశ్రీ చూసింది. ఆ పైన నాలుగు రాత్రులు హాయిగా నిద్రపోయింది. తర్వాత తర్వాత ఆమెకి అన్నిటికంటే సిగ్గనిపించింది ఆ నిద్ర తల్చుకుంటేనే.

బుధవారం సంజీవరావు రెండు బస్తాలు దించాడు. ఒకటి చాలంది సత్యశ్రీ.

"అదేంటమ్మా?"

"ఎనిమిదికి వచ్చేసిందండీ."

"అయ్యో," అన్నాడు.

"అయ్యో ఏంటి? మంచిదేగా?"

"మనకి మంచిదే. ఎవరిల్లో చల్లబడినట్టేగా," అని రెండో బస్తా మళ్ళీ ఆటోలోకి ఎత్తుకున్నాడు. "ఎప్పటి నుంచి?"

"శుక్రవారం నుంచి," అంది. అంటూనే ఆగింది.

ఆటో వెళ్ళిపోయింది. సత్యశ్రీ బస్తా మీద కూర్చుంది. బత్తాయి పండంత టోపీ. నవంబరు నెలాఖర్లో అమలమ్మ కూతురి పురిటికని రెండు రోజులు సెలవడిగింది. పెళ్ళిళ్ళ ఆర్డర్లున్నాయని తను ఒక రోజే ఇచ్చింది. ఒక రోజుండి అమలమ్మ వచ్చేసింది. ఏ బిడ్డ అని కూడా తను అడగలేదు. విజయవాడకి ఫోన్ చేసి అడిగింది, హనుమాన్ జంక్షన్‌కి చేసి అడిగింది. పొయ్యికీ తనకీ మధ్య నిలబడ్డ మనిషిని, నీ ఇల్లు వెచ్చగా ఉందా అని అడగలేదు.

ఆ రోజు నలుగురం పనిచేస్తున్నాం, ఒక్క సంచే చూశాను. అది కూడా అప్పుడే తట్టింది.

మూడింటికి కొట్టు కట్టేసి, రుచిత కోసం కొన్న కొత్త దుప్పటి ఒకటి కవరులో పెట్టుకుని కాలువ గట్టుకి నడిచింది. అమలమ్మ ఇల్లెక్కడో ఆమెకి తెలియదు. ఇద్దరినడిగితే చూపించారు.

ఒంటి గది, పైన రేకులు. గుమ్మంలో మూడు ఇటుకల మీద చిన్న మంట, మంట మీద మూకుడు. అమలమ్మ పాత చీర ముక్క మడిచి మూకుడు మీద ఆనించి, చెంపకి తాకించి చూసుకుని లోపలికి అందిస్తోంది. లోపల మంచం మీద అమలమ్మ కూతురు కెజియ, గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. ఆమె రొమ్ముకి అడ్డంగా కట్టిన గుడ్డలోంచి పసుపుపచ్చ టోపీ కొంచెం కనిపిస్తోంది.

"రండి," అంది అమలమ్మ. ఆశ్చర్యపోలేదు. స్టూలు దులిపి వేసింది.

సత్యశ్రీ కూర్చుంది. ఏం మాట్లాడాలో అంతా దారిలో కూర్చుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆడపిల్లా?" అంది.

"ఆడపిల్లేనండి. అయిదు వారాలు ముందొచ్చింది. కిలో ఆరొందలు. ఆసుపత్రి వాళ్ళు వారం రోజులు వెచ్చటి పెట్టెలో పెట్టి, ఇంక ఇంట్లోనే వెచ్చగా చూసుకోమన్నారు. చూసుకున్నాం. రెండు కిలోలకి వచ్చింది." అమలమ్మ మరో గుడ్డ మూకుడు మీద పెట్టింది. "ఈ వారం పెరగలేదు. అరవై గ్రాములు తగ్గింది. మళ్ళీ సోమవారం తూస్తామంది ఆశా అమ్మాయి. అప్పటికీ తగ్గితే విజయవాడ తీసుకెళ్ళాలంట."

"ఇల్లు..." అంది సత్యశ్రీ.

"మీ పొయ్యేనండి. మాకు తెలుసు. పిల్లని తెచ్చిన రోజు సాయంత్రం నుంచి గోడలు వెచ్చబడ్డాయి. పెసరట్టు వాసన కూడా వచ్చేది పొద్దున్నే. చలికి ఊళ్ళో పిల్లులన్నీ మా గోడకానుకుని పడుకునేవి."

"ఒక్క మాట చెప్పకపోయావా?"

"చెబుదామనే రోజూ అనుకున్నానండి. మీ ఊక. మీరు ఇయ్యంది నా ఇంట్లో కాలుతోంది. తీసుకున్నట్టేగా? నోరు రాలేదు." అమలమ్మ మూకుడు వైపే చూస్తూ అంది, "సంచిలో వెతికారు. ఇంట్లో ఉంది అది."

సత్యశ్రీ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కవరు చప్పుడవుతోందని చేతులు కదపలేదు.

"మరి ఆగిందేం?"

"నేనే వద్దనుకున్నా. ఆ రోజు ఇంటికొచ్చి గోడ మీద చెయ్యేసి, నీ వేడీ వద్దు నువ్వూ వద్దు పో అన్నా. పోయింది." మూకుడు మీది గుడ్డ తిరగేసింది. "తెల్లారి పిల్ల పాదాలు ముట్టుకుంటే మంచుముక్కలు. అప్పుడు రమ్మంటే వస్తుందా? నా రోషం దాని బరువు కంటే ఎక్కువైపోయింది."

మంచం మీంచి కెజియ, "టీ పెట్టమ్మా ఆవిడకి," అంది.

అమలమ్మ టీ పెట్టింది. అలమారలో స్టీలు గ్లాసులు ఒకే వరసలో ఉన్నాయి. ముందున్న గ్లాసు తీసి పోసింది. మెట్ల హోటల్లో అమలమ్మ గ్లాసు వేరే, అది కిటికీలో ఉంటుంది. సత్యశ్రీ ఆ వరసని చూస్తూ తాగింది. నాలిక కాలినా ఆగలేదు.

"తప్పయిపోయింది అమలమ్మా," అంది. "నేను అలా అని ఉండకూడదు."

జవాబు కెజియ దగ్గర్నించి వచ్చింది.

"అన్నప్పుడు నలుగురిలో అన్నారు. సారీ చెప్పడానికి మాత్రం ఎవరూ లేని చోటికి వచ్చారేంటండీ?"

"ఊరుకోవే," అంది అమలమ్మ.

"నేనేం తిట్టట్లేదు కదమ్మా. అడుగుతున్నా."

సత్యశ్రీ కవరు మంచం కోడు పక్కన పెట్టింది.

"దుప్పట్లు ఉన్నాయండి," అంది కెజియ.

సత్యశ్రీ కవరు తిరిగి తీసుకుని ఇంటికొచ్చింది.

మర్నాడు గురువారం. ఏడున్నరకి బల్లలన్నీ నిండాయి, మెట్ల మీద కూడా ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు వరసలో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బాక్సు మూత తీయించమన్నాయన కూడా ఉన్నాడు, ఆర్టీసీ కండక్టరు, పూరీ తింటున్నాడు.

సత్యశ్రీ గరిటె పక్కన పెట్టి ముందు గదిలోకి వచ్చింది.

"అమలమ్మ ఏమీ తియ్యలేదు," అంది.

ఎవరికీ వినబడలేదు. "అమ్మా, ఇటు చట్నీ," అన్నాడు కండక్టరు, ఆమె వచ్చింది అందుకే అనుకుని. సత్యశ్రీ లోపలికెళ్ళి చట్నీ బకెట్టు తెచ్చింది. వేసింది. ఇక వెళ్ళిపోవచ్చు. కాళ్ళు వెళ్ళిపోదామనే అన్నాయి.

"అమలమ్మ ఏమీ తియ్యలేదు," అంది మళ్ళీ. ఈసారి గొంతు కీచుగా వచ్చింది, అందరూ తలెత్తారు. "పోయిన గురువారం మీ అందరి ముందూ దాని సంచి విప్పించాను. దొంగతనం అంటగట్టాను. మిగతావాళ్ళ సంచులు చూడలేదు. దానిదే చూశాను. బాక్సు మూత తియ్యమంటే వద్దనలేదు. దాని ఇంట్లో పసిగుడ్డు ఉంది. పొయ్యి దానికి వెచ్చబెట్టింది. అది నా పొయ్యి, నాకు తెలిసుండాల్సింది. తప్పు నాది."

దాని, దాని అంటూనే చెప్పానని చివర్లో తెలిసింది. తనకంటే ఆరేళ్ళు పెద్ద మనిషిని.

"ఆమె," అంది. "ఆమె ఇంట్లో."

కండక్టరు పూరీ ముక్క పట్టుకుని చట్నీలోకే చూస్తున్నాడు. కోటి రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకుంటున్నాడు. మాణిక్యం వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇదంతా ఇప్పుడు అవసరమా వదినా?" అంది మెల్లగా.

మెట్ల మీద నుంచి ఎవరో, "ఎంత బరువుందమ్మా పిల్ల?" అని అడిగారు.

"రెండు కిలోలకి తక్కువ," అంది సత్యశ్రీ. లోపలికెళ్ళిపోయింది.

పొయ్యి ముందు కూర్చుని గోడ మీద చెయ్యి వేసింది, అమలమ్మ వేసినట్టు. ఏం అడగాలో తెలియలేదు. డబ్బా నింపి పోసింది. నాలుగు పెల్లెట్లు కింద పడ్డాయి. ఏరి వేసింది.

అది ఆ పొద్దు నాలుగో డబ్బా. గారెలు దిగేలోపు అయిదోది అడిగింది పొయ్యి. పోసింది. ఫ్యాను చప్పుడు మారింది. ఏడు. కూరలు మొదలవకుండానే తొమ్మిది. సత్యశ్రీ డబ్బా కింద పెట్టడం మానేసింది. మధ్యాహ్నం రెండింటికి పదహారు అయ్యాయి.

సాయంత్రం కోటి కాలువ అవతలికి పార్శిలిచ్చి తిరిగొచ్చాడు.

"అమలమ్మగారి గోడకానుకుని మూడు పిల్లులు పడుకున్నాయండి," అన్నాడు.

సత్యశ్రీ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది, తోమినవే.

మంగళవారం పొద్దున నాలుగున్నరకి చెప్పుల చప్పుడైంది. అమలమ్మ సంచి మేకుకి తగిలించి, బూడిద దులిపింది. సత్యశ్రీ కిటికీలోని గ్లాసు అంతకు ముందే తీసి మిగతావాటిలో కలిపేసింది. ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. మాణిక్యం రెండు రోజులు టీ మానేసింది, మూడో రోజు తలనొప్పికి ఆగలేక తాగింది.

"తూచారా?" అంది సత్యశ్రీ.

"తూచారండి. తగ్గలేదు. ముప్పై పెరిగింది."

అంతే. మిగతా పని మామూలే. కానీ మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు, కూరలకి జనం ఉండగానే, అమలమ్మ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. గొడుగు తీసింది. బాక్సు తీసి మూత తెరిచింది. జపమాల తీసింది. ఊలు తీసింది.

"ఎందుకు అమలమ్మగారూ? వద్దు," అంది సత్యశ్రీ.

"ఉండనివ్వండి. ఆ రోజు చూసినవాళ్ళందరూ ఇప్పుడూ చూడాలిగా."

మర్నాడు కూడా విప్పింది. ఆ మర్నాడు కూడా. కోపంగా కాదు, గిన్నెలు బోర్లించినంత మామూలుగా. కండక్టరు ఆ వేళకి రావడం మానేశాడు. సత్యశ్రీకి మానే వీల్లేదు. రోజూ గరిటె పక్కన పెట్టి, వచ్చి నిలబడి చూసేది. అది తనకి రావాల్సిందేనని అనుకుంది. సంచిలో అన్నీ అవే వస్తువులు, ఊలు టోపీ మాత్రం మారేది. బత్తాయంతది పోయి దబ్బకాయంతది వచ్చింది, ఆకుపచ్చది. మాఘమాసంలో చిన్న కొబ్బరికాయంతది, ఎర్రది.

పొయ్యి పదహారు తింటూనే ఉంది. సంజీవరావు అడక్కుండానే రెండు బస్తాలు దించి పోతున్నాడు. రుచిత ఫోన్లో, "అయితే పొయ్యి నాకు పంపించదన్నమాట," అంది. "నీకు దుప్పటి ఉందిగా," అంది సత్యశ్రీ.

శివరాత్రి వెళ్ళాక ఒక రోజు పదిహేను పట్టాయి. ఆ వారంలోనే పన్నెండు. తర్వాత పది. సత్యశ్రీ డబ్బా ముంచినప్పుడల్లా వేళ్ళతో లెక్క పెట్టుకుంటోంది. బుధవారం నాడు ఎనిమిదో డబ్బా పోసి, తొమ్మిదోది నింపుకుని పొయ్యి ముందు అలాగే నిలబడింది. పొయ్యి అడగలేదు. కూరలయ్యాయి, మంట దిగింది, డబ్బా చేతిలోనే ఉంది.

"అమలమ్మగారూ, పాపకి... పాపకి ఎలా ఉంది?"

అమలమ్మ గిన్నె బోర్లించి వెనక్కి తిరిగింది. సత్యశ్రీ మొహం చూసింది, చేతిలో డబ్బా చూసింది.

"ఎనిమిదేనా ఇవాళ?"

"ఎనిమిదే."

"నాలుగు కిలోలు దాటిందండి. నిన్నటి నుంచి ఒకటే ఏడుపు. ఉక్కపోస్తోందంట మహారాణికి. టోపీ పెడితే పీకేస్తోంది." అమలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇంక చాలని నేనే చెప్పా పొద్దున, గోడ మీద చెయ్యేసి. మంచిగానే చెప్పాను ఈసారి."

సత్యశ్రీ డబ్బాలోవి తిరిగి బస్తాలో పోసింది. కొన్ని కింద పడ్డాయి. అమలమ్మ వంగి ఏరి బస్తాలో వేసింది.

ముందు గదిలో కూరలకి జనం ఉన్నారు. సత్యశ్రీ అలవాటు ప్రకారం గరిటె పక్కన పెట్టి, బల్ల పక్కన వచ్చి నిలబడింది. అమలమ్మ మేకు మీది సంచి తీసింది. బల్ల దాకా వచ్చింది. సంచి భుజానికి తగిలించుకుని, జనాన్ని తప్పించుకుంటూ మెట్లు దిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.